లాయంలో కోతి

ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి ఊళ్ళోకి పోతుంటే దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్, న్యూ మార్కెట్ దాటాక మలక్‌పేట వస్తుంది. అక్కడ బండి ఆగినప్పుడల్లా నా తల దానంతటదే రేసుకోర్సున్న దిక్కుకి తిరుగుతుంది. పందేలు కాసే అలవాటుందేమోనని అనుమానపడకండి. జన్మలో ఒక్క రూపాయి కాసినవాణ్ణి కాను. నా చూపు గుర్రం మీదే గాని దాని నెంబరు మీద కాదు.

హైదరాబాదులో పందేలు మొదలైంది 1868లో, మౌలాలీలో. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ తన మహబూబ్ మాన్షన్‌కి దగ్గరగా ఉంటుందని 1886లో వాటిని మలక్‌పేటకి తెప్పించుకున్నాడు. తరవాత అవి సికింద్రాబాదు పరేడ్ మైదానానికి పోయాయి. 1961లో రేసు క్లబ్బు ఏర్పడింది, 1968లో మళ్ళీ మలక్‌పేట చేరాయి. గుర్రాలే కాదు, రేసుకోర్సు కూడా ఊరంతా ఒక చుట్టు తిరిగి వచ్చిందన్నమాట. ఈ కథలు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఏ నవాబు ఎంత గెలిచాడో, ఎవరి హవేలీ ఏ గుర్రం కాళ్ళకింద పడి పోయిందో రసవత్తరంగా చెప్తారు. నాకు మాత్రం వేరే సందేహం. అన్ని గుర్రాలు ఒక్కచోట చేరినప్పుడు ఒకదానికి జబ్బు చేస్తే? ఆస్పత్రికి పంపిస్తారు. బాగానే ఉంది. ఆస్పత్రిలో పక్క గుర్రం జబ్బు దీనికి అంటుకుంటే?

ఈ సందేహం నాకు పుస్తకాల్లో పుట్టింది కాదు. మా వీధి చివర టాంగా అడ్డాలో పుట్టింది.

అరవైల నాటి మాట. మేము సైదాబాదు వైపు ఉండేవాళ్ళం. దిల్‌సుఖ్‌నగర్ దాటితే ఇళ్ళకన్న పొలాలే ఎక్కువ. అడ్డాలో నాలుగైదు టాంగాలు, ఒక సిమెంటు తొట్టి, ఉలవల వాసన, లద్దె వాసన. అక్కడ ఒక చాచా ఉండేవాడు. ఆయన గుర్రం తెల్లది, ఆడది, పేరు చాందినీ. చాచాకి ఇల్లు, వాకిలి, బ్యాంకు అన్నీ అదే. ఒకనాడు దాని డెక్కలో సీసాపెంకు దిగింది. ఊళ్ళో ఒక పశువుల ఆస్పత్రికి తోలుకుపోయాడు. అదెక్కడో చెప్పను, ఎన్నాళ్ళనాటి మాటో, ఇప్పుడెందుకు. అక్కడ వారం రోజులుంచి కట్టుకట్టి పంపారు. కుంటు పోయింది. చాచా అడ్డా అందరికీ చాయ్ తాగించాడు.

తరవాత వారం తిరక్కుండానే చాందినీ ఉలవలు ముట్టడం మానేసింది. ఒళ్ళు పెనంలా కాలింది. ముక్కుల్లోంచి చీమిడి, దవడ కింద కోడిగుడ్డంత గడ్డలు. అవి పగిలి కారినప్పుడు మాబోటి పిల్లలం దూరంగా నిలబడి చూసి, అన్నం తినలేకపోయాం. చూస్తూండగానే అడ్డాలోని మిగతా గుర్రాలకీ పాకింది. మరి నీళ్ళ తొట్టి ఒక్కటే కదా! చాందినీ చావలేదు గాని, లేచాక మునుపటి గుర్రం కాదు. నాలుగడుగులు పరుగెత్తితే గొంతులో ఈల వేసినట్టు చప్పుడయ్యేది. నెలకు పైగా సంపాదన లేదు. ఆ అప్పు తీర్చడానికి టాంగా అమ్మేశాడు.

"కాలు బాగుచేయించుకుందామని పోయినం సాబ్, గొంతు పోగొట్టుకొని వచ్చినం" అన్నాడు మా నాన్నగారితో.

నాన్నగారు ఓదార్పుగా, "నసీబ్, చాచా. ఏం చేస్తాం" అన్నారు.

చాచా ఒప్పుకోలేదు. "నసీబ్ కాదు సాబ్, బకెట్" అన్నాడు. దవాఖానాలో చాందినీ పక్కన కట్టేసిన గుర్రానికి గొంతు వాచి ఉందట. దానికి నీళ్ళు పెట్టిన బకెట్టే దీనికీ పెట్టారట. దాని ముక్కు తుడిచిన గుడ్డతోనే దీని ముక్కూ తుడిచారట. చాచా చూస్తూనే ఉన్నాడు. చదువుకున్నవాళ్ళకి ఎలా చెప్పడమని ఊరుకున్నాడు.

ఆ జబ్బుని ఇంగ్లీషు వైద్యంలో స్ట్రాంగిల్స్ అంటారని, స్ట్రెప్టోకాకస్ జాతి క్రిమి వల్ల వస్తుందని, ముక్కు చీమిడి తగిలిన బకెట్, కళ్ళెం, మనిషి చెయ్యి, ఏదైనా సరే దానికి వాహనమేనని నాకు చాలా ఏళ్ళ తరవాత తెలిసింది. చాచా చెప్పిన దానికి ఆ పుస్తకం కలిపిందల్లా క్రిమి పేరు.

మన పాతబస్తీలో గుర్రపు వైద్యుణ్ణి సలోత్రి అనేవారు. ఈ మాటకి మూలం శాలిహోత్రుడు. అశ్వవైద్యానికి ఆద్యుడని మనవాళ్ళు చెప్పుకునే ముని. సంస్కృతంలోంచి ఉర్దూలోకి పోయి, సైసుల నోళ్ళలో నలిగి సలోత్రి అయ్యాడు. నకులుడి పేర ఒక అశ్వచికిత్స ఉంది, జయదత్తుడి అశ్వవైద్యకం ఉంది. తెలుగులో మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద ఒక పద్యగ్రంథమే చెప్పాడు. వీళ్ళందరికన్న నన్ను ఆశ్చర్యపరిచింది కౌటిల్యుడు. అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుడి ప్రకరణం ఒకటుంది. లాయం ఎలా కట్టాలో చెప్తూ, ఆడగుర్రాలకీ, విత్తనపు గుర్రాలకీ, పిల్లలకీ విడివిడిగా చోటుండాలంటాడు. జబ్బుపడ్డ గుర్రాల సంగతి పైకి తెలియజేయాలంటాడు. ఆపైన అసలు మాట. వైద్యం చేసేవాడి అజాగ్రత్త వల్ల రోగం ముదిరితే చికిత్స ఖర్చుకి రెట్టింపు జరిమానా. మందు తప్పి గుర్రానికి చేటు వస్తే గుర్రం వెల మొత్తం కట్టాలి! చాచాకి ఈ సూత్రం తెలిసి ఉంటే ఏ వకీలు దగ్గరికి పోయేవాడో గాని, మొత్తం మీద 'ఆస్పత్రి వల్ల కూడా చెరుపు జరగవచ్చు' అని రాతపూర్వకంగా ఒప్పుకున్నవాళ్ళల్లో ఆయన చాలా పాతవాడు.

అదే ప్రకరణంలో ఇంకో తమాషా ఉంది. లాయంలో కోతుల్ని, నెమళ్ళని, ముంగిసల్ని, చిలకల్ని, గోరింకల్ని ఉంచాలంటాడు. అది విషప్రయోగం కనిపెట్టడానికని పండితులంటారు. జనం మాత్రం దాన్ని వేరే తీరుగా అర్థం చేసుకున్నారు. లాయంలో కోతిని కట్టేస్తే గుర్రాలకి రావలసిన పీడ దానికి పోతుందని నమ్మకం. అందుకే ఉర్దూలో సామెత పుట్టింది: తబేలే కీ బలా బందర్ కే సర్. లాయంలోని పీడ కోతి నెత్తికి. తప్పు ఒకరిది, దెబ్బలు ఇంకొకరికి అన్నప్పుడు మన హైదరాబాదీలు ఈ సామెత వాడతారు. గుర్రపు ఆస్పత్రుల చరిత్ర చదువుతుంటే నాకు అడుగడుగునా ఈ కోతే కనపడింది. జబ్బు ఎలా వచ్చిందని అడిగితే గాలి అన్నారు, మేత అన్నారు, పని ఎక్కువైందన్నారు, నసీబ్ అన్నారు. బకెట్ మాత్రం నిక్షేపంగా తప్పించుకుంది.

యూరప్‌లో గుర్రపు వైద్యం చాలాకాలం లాడాలు కొట్టే కమ్మరి చేతుల్లోనే ఉండేది. మొట్టమొదటి పశువైద్య పాఠశాల 1762లో ఫ్రాన్సులోని లియాన్‌లో తెరిచారు. స్థాపించిన బూర్జెలా అంతకుముందు స్వారీ నేర్పే బడి నడిపినవాడు. కొన్నేళ్ళకే పారిస్ దగ్గర ఆల్‌ఫోర్‌లో రెండో బడి వెలిసింది. రెండు బళ్ళు ఉన్నచోట రెండు మతాలు పుట్టకుండా ఉంటాయా? గ్లాండర్స్ అనే జబ్బు దగ్గర వచ్చింది పేచీ. అది స్ట్రాంగిల్స్ లాంటి చిన్న జబ్బు కాదు. ముక్కులో పుళ్ళు, జిగురు చీమిడి, కాళ్ళమీద పూసల్లా గడ్డలు కట్టి పగలడం, చివరికి చావు. మనిషికి సోకినా చావే. లండన్‌లో 1791లో పెట్టిన పశువైద్య కళాశాలకి మొదటి ప్రొఫెసర్‌గా వెళ్ళిన ఫ్రెంచివాడు సాన్‌బెల్ రెండేళ్ళకే పోయాడు. గ్లాండర్స్ వల్లనేనని చెప్తారు.

ఇంత ఘోరమైన జబ్బు అంటుకునేదా, కాదా? లియాన్ వాళ్ళు అంటుకుంటుందన్నారు. ఆల్‌ఫోర్ పెద్దలు, దీర్ఘకాలం సాగే రకం అంటుకోదన్నారు. రాజధాని పక్కనున్న బడి కదా, దాని మాటే చెల్లింది. ఫ్రెంచి సైన్యపు లాయాల్లో జబ్బు గుర్రాల్ని మంచివాటి పక్కనే కట్టేశారు; అవి వరసగా పోయాయి. 1837లో రేయే అనే వైద్యుడు, గ్లాండర్స్‌తో ఉన్న మనిషి చీము తీసి గుర్రానికి ఎక్కించి, దానికి జబ్బు రప్పించి చూపించాడు. అయినా వాదం వెంటనే చల్లారలేదు. పండితుల పట్టుదల ముందు క్రిమి ఏపాటిది! ఆ క్రిమిని జర్మనీలో లోఫ్లర్, షూట్స్ పట్టుకున్నది 1882లో.

మనిషి ఆస్పత్రుల చరిత్ర కూడా ఇంచుమించు ఇంతే. 1847లో వియన్నాలో సెమ్మెల్వైస్ డాక్టర్లను క్లోరిన్ నీళ్ళతో చేతులు కడుక్కోమంటే ఏవగించుకున్నారు. 1867లో లిస్టర్ కార్బాలిక్ ఆసిడ్‌తో గాయాలు కట్టే పద్ధతి ప్రకటించాడు. ఆయనకి ఆ ఆలోచన వచ్చిన తీరు వినండి. కార్లైల్ అనే ఊళ్ళో మురుగునీటిలో కార్బాలిక్ కలిపితే వాసన పోవడమే కాక, ఆ నీళ్ళు పారిన పొలాల్లో మేసిన పశువులకి పురుగుజబ్బులు కూడా తగ్గాయని ఆయన విన్నాడు. మనిషి శస్త్రచికిత్సని కాపాడిన మందు జాడ పశువుల గడ్డిలో దొరికిందన్నమాట. ఆ ఋణం పశువుల ఆస్పత్రికి తిరిగి చెల్లడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

ఎంతకాలమో తెలియాలంటే దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం చూడాలి. 1899 నుంచి 1902 దాకా సాగిన ఆ యుద్ధంలో బ్రిటిషు పక్షాన మూడు లక్షలకు పైగా గుర్రాలు పోయాయి. తుపాకి గుండ్లకి పడిపోయినవి వాటిలో కొద్ది. మిగతావి ఆకలికి, అలసటకి, జబ్బుకి. జబ్బు గుర్రాల డిపోలని పెట్టారు గాని, వాటిని నడిపిన చాలామందికి పశువైద్యంతో సంబంధం లేదు. నడిచి నడిచి డస్సిపోయిన గుర్రాన్ని విశ్రాంతికని పంపేవారు. అక్కడ ఒక పక్క గజ్జి గుర్రం, ఇంకో పక్క గ్లాండర్స్ గుర్రం. అలసటకి పోయింది గ్లాండర్స్‌తో తిరిగి వచ్చేది, వచ్చి తన దళానికంతా పంచేది. మా చాచా చెప్పిన కథే, కాకపోతే లక్షల లెక్కన. ఆ సిగ్గుతోనే 1903లో సైన్యానికి ప్రత్యేకంగా పశువైద్య దళం ఏర్పరిచారు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చేసరికి పరిస్థితి మారింది. అప్పటికి మాలీన్ పరీక్ష చేతికొచ్చింది. కంటి కింది రెప్పలో చిన్న సూదిమందు, రెండు రోజుల తరవాత రెప్ప వాచిందా, ఆ గుర్రంలో గ్లాండర్స్ ఉన్నట్టే. 1891లో రష్యాలో ఈ మందు తయారుచేసిన ఇద్దరిలో ఒకడైన కాల్నింగ్ ఆ ఏడే అదే జబ్బుతో చనిపోయాడు. మన హైదరాబాదు లాన్సర్ల గుర్రాలు కూడా ఆ యుద్ధంలోనే ఈజిప్టు, పాలస్తీనా దాకా పోయాయి.

మన దేశంలో, అంటే బ్రిటిషు ఇండియాలో, గ్లాండర్స్ చట్టం 1899లోనే వచ్చింది. జబ్బు గుర్రాన్ని కదపకూడదు, తేలితే చంపెయ్యాలి, కట్టేసిన చోటు శుభ్రం చెయ్యాలి. అమెరికాలో కొన్ని నగరాలు వీధుల్లోని గుర్రాల నీళ్ళతొట్లనే మూసేశాయి. దాహం తీర్చే పుణ్యకార్యమని దాతలు కట్టించిన తొట్లు! ఈ క్రిమి నీళ్ళల్లో వారాల తరబడి బతకగలదు మరి. మన 1899 చట్టం స్థానంలో 2009లో పశువుల అంటువ్యాధులన్నిటికీ కలిపి కొత్త చట్టం వచ్చింది. జబ్బు మాత్రం చట్టంతోపాటు రద్దు కాలేదు. బ్రిటన్ 1928కే దాన్ని తరిమేసింది. మన దగ్గర 2006లో మహారాష్ట్రలో మళ్ళీ తలెత్తింది. పరీక్ష చేయించుకుంటే గుర్రాన్ని చంపేస్తారు, ఇచ్చే పరిహారంతో ఇంకో గుర్రం వస్తుందో రాదో తెలీదు. గుర్రం మీద బతికేవాడు చీమిడిని జలుబని చెప్పుకుని దాచిపెడితే అతన్ని నేను తిట్టలేను. అలాగని సమర్థించనూ లేను, ఎందుకంటే అతని పిల్లలు పడుకునేది ఆ గుర్రం పక్కనే.

ఇదంతా పాతకాలపు గోల, ఇప్పుడు పెద్ద పెద్ద ఆస్పత్రులొచ్చాయి కదా అంటారేమో. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి న్యూ బోల్టన్ సెంటర్ అని గుర్రాల ఆస్పత్రి ఒకటుంది. ప్రపంచంలో పేరుమోసిన వాటిలో ఒకటి. 2003లో అక్కడ ఏ మందుకీ సులభంగా లొంగని సాల్మొనెల్లా క్రిమి చొరబడింది. 61 జంతువులకి సోకింది. 2004 మేలో ఆస్పత్రినే మూసేసి, కడిగించి, బాగుచేయించి తెరవడానికి నెలలు పట్టింది. ఖర్చు నలభై లక్షల డాలర్లు దాటింది. వాళ్ళకి తెలివి లేకనా? కాదు. గుర్రం తీరే అటువంటిది. కడుపునొప్పితో వచ్చిన గుర్రానికి మేత ఆపుతారు, సూదిమందులు ఇస్తారు, దూర ప్రయాణం చేసి బెదిరిపోయి ఉంటుంది. పేగుల్లో ఉండవలసిన మంచి క్రిములు చస్తాయి. ఆ ఖాళీలో సాల్మొనెల్లా కూర్చుంటుంది. పైకి లద్దె మామూలుగానే ఉండి, అందులో క్రిమి పోతూ ఉండవచ్చు. లద్దె మీద ఫినాయిల్ గుమ్మరిస్తే పని జరిగిపోయిందనుకుంటాం గాని, మురికి కింద దాక్కున్న క్రిమిని ఫినాయిల్ అందుకోలేదు. ముందు సబ్బునీళ్ళతో కడగాలి, ఆరనివ్వాలి, అప్పుడు మందు. మట్టినేల, పగుళ్ళున్న చెక్క తలుపు అయితే ఎంత కడిగినా అంతే. (రెండేళ్ళకే, కాలు విరిగిన బార్బరో అనే ప్రఖ్యాత పందెపు గుర్రాన్ని అదే ఆస్పత్రికి తెచ్చారు. మూసుకుని తెరిచిన ఆస్పత్రిని జనం మళ్ళీ నమ్మారన్నమాట.)

ఆస్ట్రేలియాలో రెడ్‌లాండ్స్ అనే చోట గుర్రాల క్లినిక్‌లో 2008 జులైలో జరిగింది ఇంకా విషాదం. హెండ్రా వైరస్ అప్పటికి ఆ దేశానికి తెలియనిది కాదు, 1994లోనే బయటపడింది. కాని అంతకుముందు రొప్పుతో వచ్చిన జబ్బు ఈసారి తూలుడుతో, నరాల లక్షణాలతో వచ్చింది. ఎవరూ దాన్ని పోల్చుకోలేదు. అయిదు గుర్రాలకి, ఇద్దరు సిబ్బందికి సోకింది. ఆ ఇద్దరిలో ఒక యువ వైద్యుడు చనిపోయాడు. జబ్బు తన పేరు చెప్పుకుని ఆస్పత్రి గుమ్మం తొక్కదు కదా.

మరి పేరు తెలిసేలోపు చేయగలిగిందేమిటి? ఇక్కడే నాకు మా చాచా ఇంకొకసారి గుర్తొచ్చాడు. స్ట్రాంగిల్స్‌లో జ్వరం ముందు వస్తుంది. ముక్కు కారడం, క్రిమి బయటికి పోవడం ఆ తరవాత ఒకటి రెండు రోజులకి గాని మొదలవదు. గుర్రం ఒంటివేడి మామూలుగా 99 నుంచి 101 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఉంటుంది. పొద్దునా సాయంత్రం థర్మామీటరు పెట్టి రాసుకుంటూ ఉంటే, అంకె పైకి పోయిన పూటే ఆ గుర్రాన్ని విడిగా కట్టేయవచ్చు. ఇంకా ఎవరికీ అంటించని గుర్రాన్ని! లక్షల ఖరీదు యంత్రం కాదు, ఇంట్లో పిల్లలకి పెట్టేటటువంటిదే. అయితే ఆ థర్మామీటరు పెట్టేది గుదంలో. ఒకదానికి పెట్టింది తుడిచి ఇంకోదానికి పెడితే మళ్ళీ కథ మొదటికే. అందుకే ఇప్పుడు కొన్ని దేశాల్లో అనుమానపు గుర్రాల మందని మూడుగా విడదీసి, జబ్బువాటికి ఎర్ర బకెట్లు, తగిలి ఉండవచ్చుననుకున్నవాటికి పసుప్పచ్చవి, మంచివాటికి ఆకుపచ్చవి పెడుతున్నారు. మనిషి పొద్దున్నే ఆకుపచ్చ వాటి దగ్గర పని మొదలుపెట్టి ఎర్రవాటి దగ్గర ముగించాలి, వెనక్కి రాకూడదు. ఇది చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూచున్నాను. మొత్తానికి బకెట్ దాకా వచ్చారు.

మొన్న మాఘమాసంలో ఎల్‌బీ నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పెళ్ళికి పోయాను. బయట బరాత్‌కి తెచ్చిన రెండు గుర్రాలు కరెంటు స్తంభాలకి కట్టేసి ఉన్నాయి. జరీ జీను, నెత్తిమీద కుచ్చు, నుదుటిమీద పూసలు. వాటిని చూసుకునే కుర్రాడు ఇరవై ఏళ్ళవాడు ఒక బకెట్‌తో నీళ్ళు తెచ్చి తెల్లదాని ముందు పెట్టాడు. అది తాగింది. మిగిలిన నీళ్ళు కాలవలో పారబోసి, ఆ బకెట్ని పక్కన పెట్టి, తాడుకి ఎర్ర గుడ్డపీలిక కట్టిన ఇంకో బకెట్ తీసుకుని లోపలికి పోయాడు. తిరిగొచ్చాక అడిగాను, "రెండు బకెట్లు ఎందుకు బాబూ?"

నన్ను ఎగాదిగా చూశాడు. ఎవడో మునిసిపాలిటీ మనిషి అనుకున్నట్టున్నాడు.

"ఆ గోధుమరంగుది పొద్దుగాల్నుంచి మేత తింటలేదు సార్" అన్నాడు మెల్లిగా. "దాన్ది దానికే."

"మరి పెళ్ళికెందుకు తెచ్చావ్?"

"బయానా తీసుకున్నం గద సార్" అన్నాడు. ఇంతలో బ్యాండు మొదలైంది, లోపలినించి ఎవరో కేకేశారు, వాడు తెల్లదాని పగ్గం విప్పుకుని పోయాడు. గోధుమరంగుది స్తంభం దగ్గరే, ఎర్ర పీలిక బకెట్ ముందు, తల వంచుకుని నిలబడి ఉంది.